కోసేస్తే పోదు.. లేచిన మచ్చ లెక్కే వేరు

మన పదో తరగతి సర్టిఫికెట్ల మీద గుర్తింపు చిహ్నాలని రెండు వరుసలుంటాయి. ఫారాలు నింపే రోజున మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచి పుట్టుమచ్చలు వెతికించేవారు. మెడ మీదొకటి, మోచేతి దగ్గరొకటి దొరికితే పని అయిపోయేది. పుట్టుమచ్చ దొరకనివాళ్లు మోకాలి మీది సైకిల్ దెబ్బ చూపించేవాళ్లు. మచ్చ అంటే మనకు అంతవరకే, ఫారం నింపడానికి పనికొచ్చేది. నలభై దాటాక, అదీ ముఖం మీద, నెలనెలా పెరిగే మచ్చతో ఎలా బతకాలో మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు.

మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నా ఎడమ దవడ ఎముక మీద బఠాణీ గింజంత తిత్తి ఒకటి ఉండేది. గడ్డం గీసుకున్నప్పుడల్లా తెగి వాచేది. మూడున్నరేళ్ల క్రితం ఒక క్లినిక్‌లో తీసేశారు, నాలుగు కుట్లు పడ్డాయి. గాయం చక్కగా మానింది. మూడో నెలలో ఆ గీత ఎర్రబడి, గట్టిపడి, దురద మొదలైంది. ఆరో నెలకు కుట్ల హద్దు దాటింది. ఏడాది తిరిగేసరికి దవడ మీద చింతగింజ అతికించినట్టు తయారైంది, నున్నగా, మెరుస్తూ.

ఆపరేషన్‌కు ముందు నాతో ఆరు పేజీల ఫారం నింపించారు. పొగ తాగుతారా, మందు తాగుతారా, మత్తుమందు పడుతుందా, అన్నీ ఉన్నాయి. గాయం మానాక మచ్చ లేచే లక్షణం మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. ఉంటే చెప్పేవాణ్ని. మా నాన్నకు ఛాతీ మీద ఉంది, మేనత్తకు చెవి తమ్మెకు ఉంది. ఇంట్లో దాన్ని ‘కాయ కాసింది’ అనేవాళ్లు. అదొక జబ్బని, దానికో పేరుందని, అది రక్తసంబంధాల వెంట నడుస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆ పేరు కీలాయిడ్.

పీత కాలి నుంచి వచ్చిన పేరు

19వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రెంచ్ చర్మవైద్యుడు జాన్ లూయీ అలిబేర్ పెట్టిన పేరిది. పీత డెక్కకు గ్రీకులో ఉన్న మాటలోంచి తీసుకున్నాడు. మచ్చ అంచులు పీత కాళ్లలాగా పక్కనున్న మంచి చర్మంలోకి పాకుతాయి కాబట్టి ఆ పేరు. అద్దంలో నా దవడ చూసుకున్న ప్రతిసారీ ఆ పెద్దాయన చూపు ఎంత పదునైనదో అనిపించేది.

లోపల జరిగేది ఇదీ. గాయమైతే దాన్ని పూడ్చడానికి చర్మం కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. గాయం పూడగానే ఆ పని తగ్గిపోవాలి. కొందరిలో తగ్గదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లూప్‌లోంచి బయటికి వచ్చే షరతు పనిచేయడం లేదు. కొల్లాజెన్ పేరుకుపోతూనే ఉంటుంది.

లేచిన మచ్చలన్నీ కీలాయిడ్లు కావు. గాయం హద్దుల్లోనే ఉండి ఉబ్బేదాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. అది చాలాసార్లు నెలలు గడిచేకొద్దీ, ఒక్కోసారి ఒకట్రెండేళ్లలో, దానంతటదే కొంత అణుగుతుంది. కీలాయిడ్ హద్దు దాటుతుంది, ఊరికే వదిలేస్తే మామూలుగా పోదు. రెండింటికీ ఓపిక కావాలి, కానీ ఒకదానికి ఎదురుచూసే ఓపిక, రెండోదానికి వైద్యం చేయించుకునే ఓపిక. అందుకని మచ్చ పెరుగుతోందని అనుమానం వస్తే వెంటనే ఫోన్‌తో ఫొటో తీసి, పక్కన ఒక నాణెం పెట్టి, నెలకోసారి అదే వెలుతురులో మళ్లీ తీయండి. మా డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ‘ఇది ఎప్పుడు హద్దు దాటింది’ అని. ఫొటోలు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పగలిగాను.

నల్లని, చామనఛాయ చర్మాలకు కీలాయిడ్ ముప్పు ఎక్కువ. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా మూలాలున్న వాళ్లలో ఎక్కువగా చూస్తారు. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఎక్కువగా మొదలవుతుంది. చెవి తమ్మె, దవడ, మెడ, ఛాతీ నడుమ, భుజాలు దీనికి ఇష్టమైన చోట్లు. మనలో చాలామందికి ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ ఉంటుంది కదా. అది గుంటలాగా ఉంటే మామూలే. ఉబ్బి, నున్నగా మెరుస్తుంటే, ఇకముందు ఏ చిన్న కోతకు ఒప్పుకునే ముందైనా చొక్కా చెయ్యి పైకి లాగి డాక్టర్‌కు చూపించండి. వాళ్ల ఫారంలో లేని ప్రశ్నకు అది జవాబు.

ఇది క్యాన్సరా అని మా అమ్మ మొదటి వారం నిద్రపోలేదు. కీలాయిడ్ క్యాన్సర్ కాదు, అంటుకోదు. అయితే ఏ దెబ్బా తగలకుండా లేచినా, ఆకారం గడ్డలు గడ్డలుగా మారుతున్నా, పుండు పడినా డాక్టర్‌కు చూపించాల్సిందే. అరుదుగా వచ్చే ఒకరకం చర్మ క్యాన్సర్ మొదట్లో అచ్చం కీలాయిడ్ లాగే కనిపిస్తుంది.

మీకు కావలసింది ఏమిటి?

చర్మవైద్యురాలి దగ్గర కూర్చున్న మొదటి రోజు నేను ‘ఇది పోవాలి’ అన్నాను. ఆమె కాగితం మీద నాలుగు మాటలు రాసి నా వైపు తిప్పింది. దురద, నొప్పి, ఎత్తు, రంగు. ఇందులో మీకు ఏది ముందు కావాలి అని అడిగింది. దురద, నొప్పి తొందరగా తగ్గుతాయి. ఎత్తు తగ్గడానికి నెలలు పడుతుంది. రంగు చివరికి ఎలా ఉంటుందో ఎవరూ మాట ఇవ్వలేరు. చర్మం గాయానికి ముందున్నట్టు మాత్రం కాదు.

ఇరవై ఏళ్లుగా క్లయింట్ల దగ్గర ఏం కావాలో రాబట్టే ఉద్యోగం నాది. నన్ను ఎవరైనా అలా కూర్చోబెట్టి అడగడం అదే మొదలు. దురద అన్నాను. మీటింగుల్లో చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయేది, రాత్రి నిద్రలో గోకేవాణ్ని. తర్వాత ఎత్తు అన్నాను. రంగు సంగతి వదిలేశాను. ఆ రోజు అలా వరస పెట్టుకోవడం వల్లే తర్వాతి రెండేళ్లు నాకు నిరాశ తక్కువైంది.

కోసేయండి అని అడుగుతారని ఆమెకు తెలుసు. అందరూ అడుగుతారట. కీలాయిడ్‌ను కోసి ఊరుకుంటే నూటికి 45 నుంచి 100 వరకు తిరిగి వస్తాయని వైద్య గ్రంథాల్లో ఉన్న లెక్క. వచ్చేది కొన్నిసార్లు ముందుకన్నా పెద్దదిగా వస్తుంది. కారణం తేలికే. ఏ గాయానికి చర్మం అతిగా స్పందించిందో, దాన్ని బాగు చేయడానికి అంతకన్నా పెద్ద గాయం చేస్తున్నాం. కోత తప్పదనుకున్నప్పుడు దాని వెంటే ఇంజెక్షన్లో, చెవికైతే నొక్కి ఉంచే కమ్మలో, లేదా ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టే రేడియేషనో ఉండాలి. ముఖం మీద, అందులోనూ చిన్న వయసువాళ్లకు, రేడియేషన్ అంటే డాక్టర్లు చాలా ఆలోచిస్తారు.

నాకు మొదలుపెట్టింది ట్రయామ్‌సినలోన్ ఇంజెక్షన్లు. ఇది స్టెరాయిడ్ మందు. ఇక్కడ కెనలాగ్ అని, మన దగ్గర కెనకార్ట్ అని దొరుకుతుంది. మచ్చ లోపలికే ఎక్కిస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి అవసరాన్నిబట్టి 40 దాకా పెంచుతారు. ముఖం కాబట్టి నాకు 20 దాటనివ్వలేదు.

నొప్పి గురించి దాచడం దేనికి? మొదటిసారి రాయిలోకి నీళ్లు ఎక్కిస్తున్నట్టే ఉంది. మచ్చ అంత గట్టిగా ఉంది, మందు లోపలికి పోదు, సూది ఒత్తిడికి కన్నీళ్లు వచ్చేశాయి. రెండోసారి ముందుగా ద్రవ నత్రజనితో కాసేపు గడ్డకట్టించి, మెత్తబడ్డాక ఎక్కించారు, కాస్త నయం. మూడోసారికి మచ్చే మెత్తబడింది. మొదటి ఇంజెక్షన్ అయిన పది రోజులకే దురద పోయింది. ఏడు ఇంజెక్షన్లు, దాదాపు తొమ్మిది నెలలు. చింతగింజ కాస్తా అణిగి, వేలితో తడిమితే తెలిసేంత అయింది. నిరుడు ఒక అంచున మళ్లీ లేవబోతే ఇంకొక్కటి ఇచ్చారు.

రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి, షుగర్. ముఖం మీద చిన్న మోతాదే అయినా స్టెరాయిడ్ స్టెరాయిడే. నా హెచ్‌బీఏ1సీ 6.1, అంటే అంచు మీద ఉన్నాను. ఇంజెక్షన్ అయిన రెండు మూడు రోజులు పొద్దున్న రీడింగ్ ఎక్కేది. మన వాళ్లలో నలభై దాటినవాళ్లకు షుగర్ ఎంత మామూలో తెలిసిందే కాబట్టి ఇది డాక్టర్‌కు చెప్పి, ఇంట్లో చూసుకోండి. రెండోది, తెల్లదనం. నాలుగో ఇంజెక్షన్ తర్వాత మచ్చ పక్కన మినపగింజంత మేర రంగు పోయింది. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి ఫోన్ నాన్నకిచ్చి వెళ్లిపోయింది. బొల్లి అనుకుంది. మన ఊళ్లలో ఆ మాటకున్న బరువు మీకు చెప్పక్కర్లేదు. బొల్లి కాదు, మందు ప్రభావం, చాలామందికి నెలల్లో రంగు తిరిగి వస్తుంది అని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండబట్టి నేను నిలబడ్డాను. ఎనిమిది నెలలకు రంగు దాదాపుగా కలిసిపోయింది. చర్మం కాస్త పలచబడి, సన్నని రక్తనాళాలు కనిపించడం కూడా జరగొచ్చు. అందుకే మందు మోతాదు విషయంలో తొందర పనికిరాదు.

ఇంజెక్షన్‌కు లొంగని మచ్చలకు స్టెరాయిడ్‌తో 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు కలిపి ఎక్కించడం ఉంది. గర్భిణులకు అది ఇవ్వరు. లేజర్లు ఉన్నాయి. ఎరుపు తగ్గించడానికి 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్ వాడతారు. ఇక్కడ మన చర్మం సంగతి వస్తుంది. లేజర్ వెలుగును రక్తమే కాదు, చర్మంలోని మెలనిన్ కూడా పీల్చుకుంటుంది. రంగు ఎక్కువున్న చర్మం కాలి, నల్లగానో తెల్లగానో మరక పడే ముప్పు ఉంది. మీ ఫైల్లో ‘ఫిట్జ్‌ప్యాట్రిక్ టైప్’ అని ఒక అంకె ఉంటుంది. ఎండకు చర్మం కమిలే తీరునుబట్టి 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ వేసిన లెక్క. మొదట తెల్ల చర్మాల కోసమే నాలుగు రకాలుగా వేశాడు, ఐదు, ఆరు తర్వాత చేర్చారు. మన తెలుగువాళ్లం ఎక్కువగా నాలుగు, ఐదులో ఉంటాం. లేజర్ అన్న మాట వచ్చినప్పుడు ‘ఈ రంగు చర్మం మీద మీరు చేసినవాళ్ల ఫొటోలు చూపిస్తారా’ అని అడగడానికి మొహమాటపడొద్దు. స్కిన్ ఆఫ్ కలర్ సొసైటీ అని 2004లో మొదలైన వైద్యుల సంఘం ఉంది. మనలాంటి చర్మాల మీద పట్టున్న వైద్యులను వెతకడానికి అదొక దారి.

వీటన్నిటికన్నా తేలికైనది సిలికాన్. జెల్ షీట్ అయితే రోజుకు కనీసం 12 గంటలు, రెండు మూడు నెలలు తగ్గకుండా పెట్టుకోవాలి. టెక్సస్ ఎండలో, గీయని గడ్డం మీద అది అంటుకుంటే అడగండి! పడుకునేటప్పుడు షీట్, పగలు ట్యూబులో వచ్చే సిలికాన్ జెల్, దాని మీద సన్‌స్క్రీన్. అలా నడిపాను. సిలికాన్ ఒక్కటే ముదిరిన కీలాయిడ్‌ను కరిగించదు. కొత్త మచ్చ లేవకుండా ఆపడానికి, తగ్గినదాన్ని అలాగే ఉంచడానికి మాత్రం ఇది నమ్మదగ్గది, ప్రమాదం లేనిది. కుట్లు విప్పి, గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి.

వంటింటి వైద్యాలు, మందుల షాపు ట్యూబులు

మచ్చ కన్నా వేగంగా పెరిగేవి సలహాలు. నిమ్మకాయ రుద్దమన్నారు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్ల మరకలు పడతాయి. వెల్లుల్లి నూరి కట్టమన్నారు, అది చర్మాన్ని పొక్కిస్తుంది. పులిపిరికి కట్టినట్టు వెంట్రుక కట్టి తెంపేయమని ఒకాయన చెప్పాడు. కీలాయిడ్ పులిపిరి కాదు, తెంపితే మరో గాయం. విటమిన్ ఇ నూనె గురించి అందరూ చెబుతారు. 1999లో అమెరికాలో చిన్న ప్రయోగం చేసి చూశారు. మచ్చ రూపం బాగుపడలేదు సరికదా, రాసుకున్నవాళ్లలో మూడో వంతు మందికి దద్దుర్లు వచ్చాయి. కలబంద, కొబ్బరినూనె మర్దనతో హాని లేదు. దానివల్ల కీలాయిడ్ అణుగుతుందని మాత్రం అనుకోవద్దు.

ఇంతకన్నా భయపెట్టేది మరొకటి. ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న ఒక కుర్రాడు, మా ఊరివైపు వాడే, దవడ పొడుగునా మొటిమలు, వాటి మీద రెండు మూడు లేచిన మచ్చలతో మా ఇంటికి వచ్చాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ట్యూబు ఏడాదిన్నరగా ముఖమంతా రాస్తున్నాడు. వెనక చూస్తే బీటామెథాసోన్, జెంటమైసిన్, క్లోట్రిమజోల్. తామరకని మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే రకం. మొదట్లో ముఖం తెల్లబడి మెరుస్తుంది, అందుకే వాడతారు. తర్వాత చర్మం పలచబడి ఎర్రగా మారుతుంది, మొటిమలు పెరుగుతాయి, ఆపితే భగ్గుమంటుంది. ‘మీకు ఎక్కించేదీ స్టెరాయిడే కదా అంకుల్’ అన్నాడు. నాకు ఎక్కించేది మచ్చ లోపల, ఆ ఒక్క చోట, నెలకోసారి. వాడు రాసుకునేది మచ్చ లేని చర్మం మీద, రోజూ. పేరొకటే, పని వేరు. యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కు పంపించాను. స్టూడెంట్ ఇన్సూరెన్స్‌తో చర్మవైద్యుడి దగ్గరికి అక్కడి నుంచే దారి తక్కువ ఖర్చుతో దొరుకుతుందని చాలామంది పిల్లలకు తెలియదు.

ఇండియా ట్రిప్‌లో కానిచ్చేద్దామా?

ఖర్చు చూసి నాకూ ఆ ఆలోచన వచ్చింది. మన చర్మాలు రోజూ చూసే డాక్టర్లు, అదే మందు, ఖర్చులో నాలుగో వంతు కూడా ఉండదు. చిక్కు క్యాలెండర్‌తోనే. ఇంజెక్షన్ నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, మన సెలవు మూడు వారాలు. ఒకటి పడుతుంది, రెండోదానికి ఇక్కడ ఉంటాం. సెలవు కలిసొచ్చిందని కోయించుకుని విమానం ఎక్కితే ఇంకా చిక్కు. కోసిన తర్వాతి నెలలే అసలు వైద్యం. అటు మొదలుపెట్టి ఇటు కొనసాగించేవాళ్లు ఒక్కోసారి ఎంత సాంద్రత, ఎంత మోతాదు, ఏ తేదీ అన్నది అక్కడి డాక్టర్‌తో కాగితం మీద రాయించుకుని తెచ్చుకోవాలి. ఆ కాగితం లేక ఇక్కడ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినవాళ్లను చూశాను.

ఇక్కడి ఖర్చులో సగం యుద్ధం ‘కాస్మెటిక్’ అనే ఒక్క మాటతో. నా మొదటి క్లెయిమ్‌ను ఇన్సూరెన్స్ కంపెనీ అందం కోసం చేయించుకున్న పని అని తిప్పికొట్టింది. తిప్పికొట్టిన ఉత్తరంలో చివరి పేజీ చదవండి. అప్పీలు చేసుకోవడానికి మీకు 180 రోజులుంటాయి. డాక్టరమ్మ ఒక లేఖ రాసింది. దురదతో నిద్ర చెడుతోందని, నొప్పి ఉందని, గడ్డం గీసుకుంటే తెగి రక్తం వస్తోందని, నెలనెలా పెరుగుతోందని ఫొటోలతో సహా. రెండో పరిశీలనలో ఒప్పుకున్నారు. అందులో ఒక్క మాటా పెంచింది కాదు. కాకపోతే నేను అవన్నీ మొదటి రోజు నోటితో చెప్పినవే, ఫైలులో ఎక్కలేదు. మీరు చెప్పిన బాధ ఆ రోజు నోట్స్‌లో రాశారో లేదో పోర్టల్‌లో చూసుకోండి. కోడ్‌ల విషయానికొస్తే, జబ్బు కోడ్ ఎల్ 91.0. దాని పేరు ‘హైపర్‌ట్రోఫిక్ స్కార్’ అనే ఉంటుంది, కీలాయిడ్ కూడా అందులోనే, బిల్లులో వేరే పేరుందని కంగారుపడొద్దు. ఇంజెక్షన్ వేసినందుకు 11900, మందుకు జె 3301. అపాయింట్‌మెంట్‌కు ముందే ఈ మూడూ చెప్పి ఇన్సూరెన్స్ వాళ్లను అడిగితే మీ జేబులోంచి ఎంత పోతుందో సుమారుగా తెలుస్తుంది.

అడిగేవాళ్లు, అడగనివాళ్లు

ఆఫీసులో ఎవరూ అడగరు. చూపు మాత్రం ఒక్క క్షణం దవడ మీద ఆగి, పక్కకు పోతుంది. మన వాళ్లు గుడి పార్కింగ్‌లోనే అడిగేస్తారు. ‘ఏమైంది అండీ ముఖానికి?’ ఏది నయమో నేను తేల్చుకోలేకపోయాను. అడగడమే మంచిదని కొన్ని రోజులు, అడగకపోవడమే మర్యాదని కొన్ని రోజులు అనిపించేది.

‘మగాడివి, నీకేంట్రా, గడ్డం పెంచు’ అని మా బావ. ప్రేమతోనే అన్నాడు. కీలాయిడ్ మీద వెంట్రుక మొలవదు. గడ్డం పెంచితే మధ్యలో బోడి గుండులా అదొక్కటే మెరుస్తుంది. మగవాళ్లకు ముఖం గురించి బెంగ ఉండకూడదన్న నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆ రెండేళ్లలో మా కుటుంబ ఫొటోలన్నిటిలో నేను కుడివైపు నుంచే కనిపిస్తాను. అది కనిపెట్టింది మా ఆవిడ. దీపావళి ఫొటోకు నన్ను భుజాలు పట్టుకుని అటువైపు నుంచి ఇటు నిలబెట్టింది, ఏమీ అనకుండా.

వీడియో మీటింగులు దీన్ని ఇంకా పెంచాయి. రోజుకు నాలుగైదు గంటలు మన ముఖం మనమే చూస్తూ మాట్లాడటం ఇదివరకు ఎవరూ చేయలేదు. జూమ్‌లో, టీమ్స్‌లో మన బొమ్మ మనకు కనిపించకుండా దాచే ఏర్పాటు ఉంటుంది. అవతలివాళ్లకు మీరు కనిపిస్తూనే ఉంటారు. నేనది పెట్టుకున్న వారం నుంచి మీటింగుల్లో చెయ్యి దవడ మీదికి పోవడం తగ్గింది. ఇంజెక్షన్లు మొదలవడానికి ముందే.

మాటకు మాట ఎలా చెప్పాలో నాకు ఒక ఇంగ్లిష్ పెద్దమనిషి నేర్పాడు, చదువు ద్వారా. జేమ్స్ పార్ట్‌రిడ్జ్ 1970లో, 18 ఏళ్ల వయసులో, కారు మంటల్లో ముఖం కాలిపోయిన మనిషి. 1992లో బ్రిటన్‌లో ‘చేంజింగ్ ఫేసెస్’ అనే సంస్థ పెట్టాడు. 2020లో పోయాడు. ముఖంలో తేడా ఉన్నవాళ్లకు ఆ సంస్థ నేర్పే పద్ధతి మూడు మెట్లు. ఏమిటో ఒక్క ముక్కలో చెప్పు, ఎదుటివాడి కంగారు తీర్చు, మాట మార్చు. నేను తెలుగులో తయారు చేసుకున్నది ఇదీ: ‘చిన్న ఆపరేషన్ మచ్చండీ, అంటుకునేదేం కాదు, వైద్యం జరుగుతోంది. మీ అమ్మాయికి ఏ కాలేజీలో వచ్చింది?’ మన వాళ్ల దగ్గర మూడో మెట్టు ఎప్పుడూ తప్పదు. పిల్లల కాలేజీ మాట ఎత్తితే మచ్చ గురించి మళ్లీ ఎవరూ అడగరు. చిన్నపిల్లలు అడిగితే మాత్రం నిజంగా చూపించి చెబుతాను. వాళ్లు ముట్టుకుని చూసి ఆడుకోవడానికి వెళ్లిపోతారు.

పెళ్లి సంబంధాలు చూస్తున్న పిల్లల సంగతి వేరు, ఇంత తేలిక కాదు. ఆ కుర్రాడు ఇంటికి పంపే ఫొటోలన్నీ ఫిల్టర్ వేసే పంపుతున్నాడు. వాళ్ల అమ్మకు రెండేళ్లుగా వాడి అసలు ముఖం తెలియదు. వైద్యం సంగతి ఎలాగో నడుస్తోంది. ఆ ఫోన్ కాల్ మాత్రం వాడు ఇంకా చేయలేదు, చేయమని ఒత్తిడి చేసే హక్కు నాకు లేదు.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ

మా అమ్మాయికి 15. చెవి పై భాగంలో, మృదులాస్థి దగ్గర కుట్టించుకుంటానంటోంది. మాల్‌లో పది నిమిషాల పని. క్లాసులో సగం మందికి ఉంది. ‘నీకొచ్చిందని నాకూ వస్తుందా నాన్నా?’ అని అడిగింది. సరైన ప్రశ్నే. డాక్టరమ్మను అడిగాం. వస్తుందో రాదో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదట. ఇంట్లో రెండు తరాల్లో ఉంది కాబట్టి అవకాశం మాత్రం ఎక్కువే. చిన్నప్పుడు తెనాలిలో కుట్టించిన చెవి తమ్మెలకు ఏమీ కాలేదు కదా అంటే, అది భరోసా కాదంది. కీలాయిడ్ చరిత్ర ఉన్న కుటుంబాల్లో 11 ఏళ్ల తర్వాత కుట్టించుకుంటే ముప్పు ఎక్కువని 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. మన పెద్దవాళ్లు పసితనంలోనే చెవులు కుట్టించడం వేరే కారణాలకే అయినా, మాలాంటి ఇళ్లకు అది కలిసొచ్చింది.

డాక్టరమ్మ చెవి కన్నా ఎక్కువ పట్టించుకున్నది పిల్ల దవడ మీది మొటిమలను. కీలాయిడ్ ఇంట్లో ప్రతి పెద్ద మొటిమా ఒక గాయమే, గిల్లితే రెండు గాయాలు. ఇప్పుడే తగ్గించుకుంటే తర్వాత నాలాగా సూదులు అక్కర్లేదంది. 2016 నుంచి అమెరికాలో చీటీ లేకుండా దొరుకుతున్న అడాపలీన్ జెల్ రాత్రిపూట రాస్తోంది. మొదటి నెల చర్మం పొట్టు లేచి గొడవ చేసింది, ఇప్పుడు తనే గుర్తు పెట్టుకుంటోంది.

చెవి సంగతి మేం వద్దనలేదు. నా ఫొటోలన్నీ, మొదటి నెల నుంచి వరసగా, నాణెం పక్కన పెట్టి తీసినవి, తన ఫోన్‌కు పంపాను. 18 వచ్చాక తనే తేల్చుకుంటానంది. ఈలోగా కుట్టించకుండా అంచుకు తగిలించుకునే కఫ్ ఒకటి కొనుక్కుంది. అది వారానికోసారి జారిపోతుంది. ఇద్దరం కారు సీటు కింద ఫోన్ లైటు వేసి వెతుకుతుంటాం.